2038 తేదీ సమస్య కోసం పాత సర్వర్‌ని ఇప్పుడే మార్చాలా?

"2038కి ఇంకా చాలా టైముంది, పాత 32-బిట్ సర్వర్ జోలికి ఇప్పుడే ఎందుకు అని మా బాస్ అంటున్నారు, ఏం చెప్పాలి?" అని అడిగారు. పాత 32-బిట్ సిస్టమ్‌లు చాలావాటికి 2038 జనవరి 19 తర్వాతి తేదీలు లెక్కకి అందవు, అదీ సమస్య. 2018 ఫిబ్రవరి దాకా నేనూ మీ బాస్‌లాగే అనుకున్నాను.

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఇళ్లకి అప్పులిచ్చే ఒక చిన్న కంపెనీ సాఫ్ట్‌వేర్ చూసేవాణ్ణి. 32-బిట్ లినక్స్, దాని మీద పీహెచ్‌పీలో రాసిన ప్రోగ్రాములు, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. ఇరవై ఏళ్ల లోన్ తీసుకున్న ఒక పెద్దాయన వాయిదాల కాగితం పట్టుకొచ్చారు. మొదటిది 05-03-2018. 239వ వాయిదా దాకా అంతా బాగుంది. 240వది 01-01-1970! "బాబూ, అప్పటికి నాకు పెళ్లే కాలేదు, ఈఎంఐ ఎక్కడ కట్టేది?" అన్నారు. కౌంటర్లో అందరూ నవ్వారు, నేను తప్ప.

లినక్స్ వాడే యునిక్స్ గడియారం 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతుంది. 32 బిట్లలో మైనస్ అంకెలకీ చోటివ్వాలి కాబట్టి 2,14,74,83,647 దగ్గర ఆగిపోవాలి. మన టైము ప్రకారం అది 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8:44:07. ఆ తర్వాతి సెకనుకి లెక్క తిరగబడి 1901 డిసెంబర్‌లో పడుతుంది. మా పీహెచ్‌పీ అంత దూరం కూడా పోలేదు. 2038 ఫిబ్రవరి తేదీని లెక్కకట్టలేక చేతులెత్తేసింది, ఖాళీగా వచ్చిన జవాబు సున్నా కింద లెక్కయి 1970 అని అచ్చయింది.

64-బిట్ సర్వర్ పెట్టాం. పని అయిపోయిందనుకున్నాం. మరుసటి వారం అదే వాయిదా డేటాబేస్‌లో 0000-00-00 అని కనబడింది. కారణం, ఆ కాలమ్ టైమ్‌స్టాంప్ రకం. మైఎస్‌క్యూఎల్‌లో దాని హద్దు కూడా 2038 జనవరి 19తోనే అయిపోతుంది, మెషీన్ ఎన్ని బిట్లదైనా సరే. దాన్ని డేట్‌టైమ్‌కి మార్చాం. అది 9999 దాకా పనిచేస్తుంది. ఆపైన ఆడిటర్‌కి రిపోర్టు తీసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి బయటపడింది, సీ భాషలో రాసింది. ఎవరో మహానుభావుడు తేదీని 'ఇంట్' (int) అనే అంకెల రకంలో దాచాడు. 64-బిట్ మెషీన్‌లోనూ ఇంట్ 32 బిట్లే కదా.

(2000 సంవత్సరం దగ్గర ఇలాంటి తేదీ సమస్యే వచ్చింది, వైటూకే అనేవారు. దాని పేరు చెప్పి మా అన్నయ్య అమీర్‌పేటలో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని అమెరికా వెళ్లిపోయాడు. 2038 కోచింగ్ బోర్డు మాత్రం అక్కడ నాకింకా కనబడలేదు.)

కాబట్టి ముందు సర్వర్ వయసు కాదు, మీ డేటాలో అన్నిటికన్నా దూరపు తేదీ ఏదో చూడండి. లోన్లు, లీజులు, పాలసీలు, పెన్షన్లు ఉంటే మీకు 2038 ఎప్పుడో వచ్చేసినట్టే.

టెస్టు కోసం నడుస్తున్న సర్వర్ తేదీని ముందుకి జరపకండి. సర్టిఫికెట్లు, లైసెన్సులు అన్నీ ఎక్స్‌పైర్ అయినట్టు గోల చేస్తాయి, టైము ప్రకారం వాటంతటవే నడిచే క్రాన్ జాబులు ఇష్టమొచ్చినట్టు నడుస్తాయి. ఒక కాపీని వర్చువల్ మెషీన్‌లో పెట్టి, నెట్ తీసేసి చేయండి. నెట్ ఉంటే, నెట్ నుంచి టైము సరిచేసే ఎన్‌టీపీ తేదీని మళ్లీ వెనక్కి లాగేస్తుంది.

32-బిట్ బోర్డు మార్చడం కుదరదంటే లినక్స్ కెర్నల్ (దాని అసలు గుండెకాయ) కనీసం 5.6 వెర్షన్ ఉండాలి, ప్రోగ్రాములు కూడా 64-బిట్ టైముతో మళ్లీ కంపైల్ చేయాలి. ఆ ప్రోగ్రాముల సోర్స్ కోడ్ లేకపోతే ఆ దారీ లేదు. మా బయోమెట్రిక్ హాజరు మెషీన్ పరిస్థితి అదే. అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు, సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో పాత మోడల్ అడిగితే నవ్వారు.

ఇంతకీ మీ డేటాలో చివరి తేదీ ఏ సంవత్సరం?