ఫామ్‌హౌస్ టేబుల్ మనమే చేసుకోవచ్చా?

అమెరికాకో కెనడాకో కొత్తగా వచ్చి అద్దె ఇంట్లో సర్దుకుంటున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. మందపాటి పలకలు, బరువైన కాళ్లు, ముడులు కనబడే చెక్కతో చేసిన ఫామ్‌హౌస్ డైనింగ్ టేబుల్ మీద మనసు పడతారు. షాపులో ధర చూసి వెనక్కి వస్తారు. వడ్రంగం రాకపోయినా మేమే చేసుకోగలమా అంటారు. చేసుకోగలరు. కోతలన్నీ తిన్ననివే, అతుకులన్నీ సులువైనవే. డబ్బు తక్కువగా ఉంటే పనిముట్ల మీద పెట్టకండి. పలకలు ఏరుకోవడానికీ, వాటిని ఇంట్లో ఆరనివ్వడానికీ టైమ్ పెట్టండి. ఇలాంటి బల్లలు పగుళ్లిచ్చేది ఎక్కువగా తడి ఆరని చెక్కతో తొందరపడినందువల్లే.

చవగ్గా దొరికేది ఇళ్ల గోడల ఫ్రేములకు వాడే కలప. పైన్, స్ప్రూస్, ఫర్ జాతులు. ఇక్కడ కొత్తవాళ్లను కొలతల పేర్లు బాగా తికమక పెడతాయి. టూ బై ఫోర్ అంటే 2 అంగుళాల మందం, 4 అంగుళాల వెడల్పు అనుకుని బొమ్మ గీసుకుంటే లెక్కంతా తప్పుతుంది. అవి చెక్కను ఆరబెట్టి నునుపు చేయకముందు కొలతలు. మన చేతికి వచ్చేది 1.5 బై 3.5 అంగుళాలు. అలాగే టూ బై సిక్స్ 1.5 బై 5.5 ఉంటుంది, టూ బై ఎయిట్ 1.5 బై 7.25 ఉంటుంది. పొడవు మాత్రం చెప్పినంత వస్తుంది.

ఆరుగురు కూర్చునే బల్లకు 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు చాలు. మనిషికి 24 అంగుళాల జాగా లెక్కేసుకోండి. కుర్చీలు వెనక్కి లాగి లేవాలి కాబట్టి చుట్టూ గోడల దాకా 3 అడుగులు ఉంటే మంచిది. కలప కొనేముందే గదిలో నేల మీద టేపు అంటించి చూసుకోండి. చాలామంది గదికి మించిన బల్ల ఊహించుకుంటారు.

కలప లెక్క ఇది. పైభాగానికి 8 అడుగుల టూ బై ఎయిట్‌లు ఐదు తీసుకోండి. పక్కపక్కన పెడితే 36.25 అంగుళాలు వస్తుంది. కింది భాగానికి 8 అడుగుల టూ బై ఫోర్‌లు ఐదు. వాటిలో మూడింటి నుంచి 28.5 అంగుళాల ముక్కలు తొమ్మిది వస్తాయి. ఎనిమిదింటిని రెండేసి చొప్పున జిగురుతో అంటిస్తే నాలుగు కాళ్లు తయారవుతాయి. మిగిలిన రెండు టూ బై ఫోర్‌లలో ఒక్కోదాని నుంచి ఒక పొడుగు పట్టీ, ఒక పొట్టి పట్టీ తీస్తే పలకల కింద చుట్టూ వచ్చే ఫ్రేము సరిపోతుంది. నేల నుంచి బల్ల పైకి 30 అంగుళాలు, ఫ్రేము కింద మోకాళ్లకు 25 అంగుళాలు ఉంటాయి. టూ బై ఎయిట్‌లు 6 అడుగులకు కోయగా మిగిలిన 2 అడుగుల ముక్కలు పారేయకండి. ఫ్రేము వెడల్పు వాటికి తగ్గట్టు పెట్టుకుంటే మధ్యలో అడ్డపట్టీలుగా పనికొస్తాయి. మొత్తం పది పలకల పని.

కాళ్లకు ఫోర్ బై ఫోర్ ఒక్కటే కొంటే తేలిక కదా అంటారు. వాటిలో చాలావాటికి చెట్టు నట్టనడిమి భాగం లోపల ఉంటుంది. అలాంటివి ఆరేకొద్దీ పగుళ్లిస్తాయి, మెలి తిరుగుతాయి. కొన్ని పచ్చగా కనబడేవి ఆరుబయట చెద, కుళ్లు పట్టకుండా మందు ఎక్కించినవి. భోజనం చేసే బల్లకు అవి వద్దు.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రతి పలక మీదా ఒక ముద్ర ఉంటుంది. దాని మీద కేడీ (కొలిమిలో ఆరబెట్టినది) అనో ఎస్ డ్రై అనో ఉంటే తేమ 19 శాతానికి మించకుండా ఆరబెట్టారని అర్థం. ఎస్ గ్రీన్ అని ఉంటే అది ఆరని పచ్చి చెక్క, ముట్టుకోకండి. ఆరబెట్టిన చెక్క కూడా మన గదికి ఇంకా తడే. చలికాలంలో హీటర్ నడిచే ఇంట్లో చెక్క తేమ 6 నుంచి 8 శాతం దాకా దిగుతుంది. ఆ తేడా అంతా పోయేటప్పుడు చెక్క నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవులో మాత్రం దాదాపు మారదు. 3 అడుగుల వెడల్పు మీద అర అంగుళానికి పైగా తగ్గవచ్చు. అందుకే పలకలు తెచ్చిన రోజే అతకడం మొదలుపెట్టొద్దు. బల్ల ఉండబోయే గదిలోనే, మధ్యమధ్య సన్నటి పుల్లలు పెట్టి దొంతరగా పేర్చి, రెండు మూడు వారాలు వదిలేయండి. మెలి తిరిగేవి ఉంటే ఆ లోపే బయటపడతాయి, వాటిని కురచ ముక్కలకు వాడుకోవచ్చు.

షాపులో పలక ఏరేటప్పుడు ఒక కొస కంటికి దగ్గరగా పెట్టుకుని పొడవునా చూడండి. వంపు, మెలిక ఇట్టే తెలుస్తాయి. కొసన వలయాల మధ్య బిందువు కనబడితే ఆ పలక పక్కన పెట్టండి. గట్టిగా అతుక్కుని ఉన్న ముడులు అందమే, కదులుతున్న నల్లటి ముడులు ఊడిపోతాయి. దొంతరంతా తిరగేసి ఏరుకోవడానికి మొహమాటపడకండి, తీసినవి మళ్లీ చక్కగా పేర్చి రండి.

పాత చెక్కతో చేస్తే ఇంకా చవక, అందం కూడా. కానీ జాగ్రత్త కావాలి. ప్యాలెట్ల (సరుకులు మోసే చెక్క చట్రాల) మీద హెచ్‌టీ ముద్ర ఉంటే వేడితో శుద్ధి చేసినవి, ఎంబీ ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినవి. ఎంబీ వద్దు. అమెరికాలో ఇళ్లకు సీసం కలిసిన రంగులు 1978లో నిషేధించారు. అంతకుముందటి రంగు చెక్క మీద ఉంటే దాన్ని గీకడం, రుద్దడం చేయకండి. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

పనిముట్లలో కొనాల్సింది ఒక మంచి డ్రిల్లు, చెక్కలను కదలకుండా బిగించి పట్టే క్లాంపులు నాలుగు, స్క్రూలకు ఏటవాలు రంధ్రాలు వేయడానికి దారి చూపే పాకెట్ హోల్ జిగ్ ఒకటి. చాలా కలప షాపుల్లో అడ్డకోతలు అక్కడే కోసి ఇస్తారు. 6 అడుగుల ముక్కలు కారులోనూ పట్టేస్తాయి. చెక్కను రుద్దే యంత్రం శాండర్ అద్దెకు తెచ్చుకోండి. కొన్ని ఊళ్లలో పనిముట్ల లైబ్రరీలు ఉంటాయి, వాకబు చేయండి.

పలకల అంచులకు జిగురు రాసి, కింది వైపు నుంచి పాకెట్ హోల్ స్క్రూలతో కలపండి. 1.5 అంగుళాల మందానికి 2.5 అంగుళాల స్క్రూలు వాడాలి. జిగురు పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు ఇవ్వండి. బల్ల రెండు కొసల్లో అడ్డంగా పలక పెట్టి జిగురుతో, స్క్రూలతో బిగించేయడం చాలా వీడియోల్లో కనబడుతుంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ అడ్డపలక పొడవు తగ్గదు, మిగతా పలకల వెడల్పు తగ్గుతుంది, ఆ లాగుడుకు బల్ల చీలుతుంది. అది మానేయండి. పైభాగాన్ని ఫ్రేముకు బిగించేటప్పుడు కూడా ఇదే సూత్రం. కోలగా సాగదీసిన రంధ్రాల్లో స్క్రూలు వేయండి, లేదా ఫిగర్ ఎయిట్ అనే 8 ఆకారపు చిన్న రేకులు వాడండి. చెక్క జరగడానికి జాగా ఉంటుంది.

కాళ్లను ఫ్రేముకు బిగించడానికి మాత్రం జిగురు వద్దు, బోల్టులు పెట్టండి. కొత్తగా వచ్చినవాళ్లు ఉద్యోగం కోసం, స్కూలు కోసం ఇళ్లు మారుతూనే ఉంటారు. కాళ్లు విప్పితే తలుపులోంచి పోతుంది, మెట్ల మలుపులో తిరుగుతుంది.

రుద్దడం 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 120, ఆ తర్వాత 180కి వెళ్లండి, నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపవుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఇలాంటి పని చేయనిస్తారో లేదో ముందు లీజులో చూసుకోండి, పని బయట పెట్టుకోండి, ముక్కుకు ఎన్95 మాస్కు కట్టుకోండి. పైన్ మీద స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) మచ్చలు మచ్చలుగా పడుతుంది, కాబట్టి రంగు సమానంగా ఇంకేలా చేసే కండిషనర్ ముందు రాయండి. లేదా స్టెయిన్ మానేయండి, నాకైతే రంగు వేయని పైన్ చెక్కే ఇష్టం. ఆపైన చెక్కను కాపాడే పాలీయురథేన్ వార్నిష్, నీటితో చేసిన రకం, మూడు పూతలు వేయండి, బల్ల అడుగు భాగానికి కూడా. ఒక వైపే పూస్తే తేమ రెండో వైపు నుంచి ఎక్కి దిగుతూ పలక వంగుతుంది.

లిన్సీడ్ (అవిసె గింజల) నూనె లాంటి పూతలు వాడితే తుడిచిన గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి. ఆ నూనె ఆరుతూ వేడి పుట్టించి గుడ్డ దానంతట అదే అంటుకుంటుంది. బయట ఒక్కొక్కటీ విప్పి పరిచి ఆరబెట్టండి. చెక్క ఇళ్లలో ఉంటున్నాం, ఇది మాత్రం మరవొద్దు.

పూత పూర్తిగా గట్టిపడటానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా వేడి గిన్నెలు నేరుగా పెట్టకండి, ప్లాస్టిక్ గుడ్డ పరవకండి. మొదటి చలికాలం గడిచాక బోల్టులన్నీ ఒకసారి చూసి, వదులైనవి బిగించుకోండి.