బ్రేకులు ఇంట్లోనే మార్చుకుంటే డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. ఐదేళ్ల కిందట కొన్న చిన్న కారు 48,000 కిలోమీటర్లు తిరిగింది. నెలకు రెండుసార్లు కొండకు వెళ్తాం. ఈ మధ్య ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ తొక్కితే కీచుమంటోంది, స్టీరింగ్ కూడా కొద్దిగా వణుకుతోంది. ముందు ప్యాడ్లు, డిస్కులు మార్చాలని వర్క్‌షాప్‌లో రూ.15,400 ఎస్టిమేట్ ఇచ్చారు: ప్యాడ్లు 3,200, డిస్కుల జత 7,000, లేబర్ 3,000, క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) క్లీనింగ్ 1,000, బ్రేక్ ఆయిల్ 1,200. బయట షాపులో ప్యాడ్లు, డిస్కులు కలిపి 8,000కే వస్తాయి. పనిముట్లకు 6,800 అవుతుంది. వీడియోలు చూసి ఇంట్లోనే మార్చుకోవచ్చా? లేక క్రెడిట్ కార్డు మీద ఆరు నెలల ఈఎంఐ పెట్టమంటారా? పాప స్కూలు ఫీజుకు దాచిన డబ్బు ముట్టుకోవడం ఇష్టం లేదు.

జవాబు: మాస్టారూ, ముందు మీ లెక్కనే కూడదాం. 8,000కు 6,800 కలిపితే 14,800. వర్క్‌షాప్ ఎస్టిమేట్ కంటే మిగిలేది 600 రూపాయలు. అందులోనూ బ్రేక్ ఆయిల్ డబ్బు మీరు వేసుకోలేదు. అది కలిపితే మిగలకపోగా చేతినుంచే పడుతుంది. పనిముట్లు మళ్లీ వాడుకోవచ్చు, నిజమే. కానీ మీ కారుకు ఇంకోసారి ప్యాడ్లు మార్చే పని పడేసరికి మూడు నాలుగేళ్లు పడుతుంది.

మీ ఎస్టిమేట్‌లో నాకు ఆగి చూడాలనిపించిన అంకె లేబర్ కాదు, డిస్కుల 7,000. ప్యాడ్లు అరిగాయన్నది దాదాపు ఖాయం. ఆ కీచు శబ్దం చాలావరకు ప్యాడ్‌కు ఉండే సన్నటి రేకు డిస్కును తాకి చేసే హెచ్చరికే. డిస్కులు మాత్రం కొలవకుండా మార్చమని ఎవరూ చెప్పకూడదు. ఎంత మందం వరకు వాడొచ్చో డిస్కు మీదే, సాధారణంగా అంచున గానీ మధ్య భాగంలో గానీ, చెక్కి ఉంటుంది. మూడేళ్ల కిందట నా కారుకూ ఇలాగే డిస్కులు మార్చాలన్నారు. వేరే షెడ్డుకు తీసుకెళ్తే అక్కడి పెద్దాయన గుడ్డతో తుప్పు తుడిచి, ఆ అంకె నాకు చూపించాడు. 18 మిల్లీమీటర్లని ఉంది. తర్వాత మందం కొలిచే మైక్రోమీటర్‌తో కొలిస్తే 19.2 వచ్చింది. అంచున తుప్పు గట్టులా పేరుకుంటుంది కదా, మామూలు వెర్నియర్ ఆ గట్టు మీద ఆనితే మందం ఎక్కువ చూపిస్తుందని, అందుకే ప్యాడ్ రాసుకునే చోట నాలుగైదు జాగాల్లో కొలవాలని చెప్పాడు. ఆ రోజు ప్యాడ్లతోనే సరిపోయింది.

మీకు స్టీరింగ్ వణుకుతోంది కాబట్టి డిస్కు ఒక్కోచోట ఒక్కో మందంగా అరిగి ఉండొచ్చు. అలా ఉన్నా, సాపు చేశాక కూడా కనీస మందానికి పైనే ఉంటుందంటే లేత్ మెషీన్ మీద సాపు చేయిస్తే చాలు. కొత్త డిస్కులతో పోలిస్తే దానికయ్యేది చాలా తక్కువ. కనీసం కంటే తగ్గితే మాత్రం మారు మాట్లాడకుండా మార్చండి, రెండు వైపులా.

ఇంట్లో చేయడం గురించి. ఇది చేతకాని పనేమీ కాదు. ఓపిక ఉన్నవాళ్లు నేర్చుకోవచ్చు. కానీ కారుతో వచ్చిన జాకీ టైరు మార్చడానికే. దాని మీద నిలబెట్టి క్యాలిపర్ విప్పకూడదు, స్టాండ్లు ఉండాల్సిందే. క్యాలిపర్‌లోని పిస్టన్ వెనక్కి నెట్టేటప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బా పొంగొచ్చు, ఆ ఆయిల్ పడితే పెయింట్ పోతుంది. క్యాలిపర్‌ను గొట్టానికి వేలాడదీయకూడదు. కొత్త డిస్కుకు పూసిన నూనెను క్లీనర్‌తో తుడవాలి. అన్నీ బిగించాక, బండి కదిపే ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. ఇది మరిచిపోతే మొదటి బ్రేకే పడదు. మీరు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని 1944 నాటి పాత ఘాట్ రోడ్డు మీదుగా దిగేవారు. మొదటిసారి చేసిన పనిని ఆ మలుపుల్లో పరీక్షించుకోవద్దని అన్నలా చెబుతున్నాను.

మధ్యేమార్గం ఉంది. పార్టులు మీరే కొనండి. రేణిగుంట రోడ్డు వైపు స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడిగినా, కంపెనీ కౌంటర్‌లో తీసుకున్నా, పార్ట్ నంబరు సరిచూసి బిల్లు తీసుకోండి. నకిలీ ప్యాడ్లు చాలానే తిరుగుతున్నాయి. నమ్మకమైన మెకానిక్‌కు లేబర్ మాత్రం ఇచ్చి, పక్కనే నిలబడి చూడండి. బయట పార్టులకు వాళ్లు వారంటీ ఇవ్వకపోవచ్చు, ముందే అడగండి. బిల్లులు దాచుకోండి. అరుగుదలకు బీమా డబ్బు రాదు. పైగా బండిని కండిషన్‌లో ఉంచాలన్నది పాలసీ షరతు కూడా.

ఇక డబ్బు ఎక్కడినుంచి? ఈఎంఐ వద్దు. వడ్డీ లేదన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ పడతాయి. ఒక్క నెల బిల్లు మొత్తం కట్టలేకపోతే చాలా కార్డుల్లో నెలకు 3 శాతానికి పైనే వడ్డీ. పాప ఫీజు డబ్బు జోలికి వెళ్లనన్నారు, మంచిది. అత్యవసర నిధి ఉంటే అందులోంచి తీసి మూడు నెలల్లో తిరిగి నింపండి. వాయిదా మాత్రం వేయొద్దు. ప్యాడ్ పూర్తిగా అరిగి ఇనుము ఇనుముకు రాసుకుంటే బాగున్న డిస్కు కూడా గాట్లు పడి పోతుంది.

నన్ను నిజంగా బాధపెట్టింది ఇంకోటి. జీతం క్రమంగా వచ్చే ఇంట్లో బ్రేకుల ఖర్చు టెన్షన్ పెట్టడం. ఈ 15,400ను 48,000తో భాగిస్తే కిలోమీటరుకు 32 పైసలు. అంటే ఐదేళ్లుగా మీరు రోజూ కొంచెం కొంచెం ఖర్చు పెడుతూనే ఉన్నారు, పక్కన తీసి పెట్టలేదంతే. నాలుగు టైర్లు 20,000 అనుకుని 45,000 కిలోమీటర్లు నడిస్తే 44 పైసలు. సర్వీసు పది వేల కిలోమీటర్లకు 7,000 అనుకుంటే 70 పైసలు. మొత్తం 1.46 రూపాయలు. నెలకు 800 కిలోమీటర్లకు 1,168. బ్యాటరీకి నెలకు 115, ఏటా 9,600 బీమాకు నెలకు 800 కలపండి. దాదాపు 2,100. పెట్రోలు ఇందులో లేదు. మీ బిల్లులు చూసి అంకెలు సరిచేసుకుని, జీతం పడిన మర్నాడే విడి సేవింగ్స్ ఖాతాకు ఆ డబ్బు వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేయించండి. ఆర్డీ అయితే అవసరానికి మధ్యలో తీయాల్సివస్తుంది, అందుకే వద్దంటున్నాను.

ఇంకో చిన్న పొదుపు మీ పాదంలోనే ఉంది. కొండ దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నిబంధన ఎలాగూ ఉంది. రెండో గేరులో, ఇంజిన్ పట్టు మీద దిగండి. బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచితే ప్యాడ్లు కాగిపోతాయి, పట్టు తగ్గుతుంది.

ఈ వారంలోనే వేరే షెడ్డుకు వెళ్లి చక్రాలు విప్పించండి. రెండు డిస్కుల మందం, వాటి మీద చెక్కిన కనీస అంకె కాగితం మీద రాయించుకోండి. అప్పటిదాకా కొండకు బస్సులో వెళ్లండి.