కనిగిరి నీటికి తగిన కుండీ

చిరంజీవి నాయనకు, నెల్లూరు నుండి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

కనిగిరిలో అద్దెకు తీసుకున్న ఇంట్లో మొక్కలు పెంచాలని ఉందనీ, పండుగలకు తలుపు వేసుకొని వచ్చేసినప్పుడు అవి ఎండిపోకుండా సెల్ఫ్ వాటరింగ్ కుండీలు కొనవచ్చా అనీ అడిగావు. నిరభ్యంతరంగా కొనుక్కో. అయితే కుండీ కన్నా ముందు ఆ ఊరి నీటిని గురించి ఆలోచించు.

ఈ కుండీలో అడుగున నీటి తొట్టి, పైన మట్టి నింపే అర, రెండింటినీ కలిపే ఒత్తి ఉంటాయి. ప్రమిదలో ఒత్తి నూనెను పీల్చినట్టే ఇదీ నీటిని పైకి పీల్చి, మట్టి ఆరిన మేరకు వేళ్లకు అందిస్తుంది. నీరు ఎప్పుడూ కింది నుండి పైకే నడుస్తుంది కనుక, అందులో కరిగి ఉన్న లవణాలు కొట్టుకుపోయే దారి లేక, నీరు ఆవిరైనకొద్దీ పైమట్టి మీద తెల్లటి పొరగా పేరుకుంటాయి. ఆ వైపు బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి నీకు తెలియనిది కాదు. స్పైడర్ ప్లాంటు, డ్రసీనా వంటి మొక్కలకు ఫ్లోరైడ్ పడదు, ఆకుల కొసలు మాడిపోతాయి; నీరు చాలకనే అలా అయిందనుకొని చాలామంది అదే నీటిని ఇంకా పోస్తారు. అందుచేత తాగడానికి తెప్పించుకునే క్యాన్ నీటినో, ఏసీ నుండి కారే నీటినో తొట్టిలో నింపుకో. ఆర్.ఓ. యంత్రం బయటకు వదిలే నీటిని మాత్రం కుండీల దగ్గరకు రానీయకు, వడపోతలో తీసేసిన లవణాలు చేరేది అందులోనే. రెండు నెలలకొకసారి పై నుండి ఆ క్యాన్ నీటినే ధారాళంగా పోసి, కిందికి దిగినదంతా పారబోయాలి.

పెరట్లోని నల్లరేగడి మట్టి ఇందుకు పనికిరాదు. ఎప్పుడూ తడిగా ఉండి గాలి ఆడనివ్వక వేళ్లను కుళ్లబెడుతుంది. నానబెట్టి గట్టిగా పిండిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్లు, పెర్లైట్ (గాలి ఆడేందుకు కలిపే తెల్లటి తేలికపాటి గుళికలు) ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు కలుపుకో. కుండీతో నూలు ఒత్తి వస్తే మార్చేసి నైలాన్ తాడు పెట్టు, నూలుది త్వరగా కుళ్లుతుంది. నాటిన రెండు మూడు వారాల పాటు వేళ్లు ఇంకా కిందికి దిగవు కాబట్టి మామూలుగా పై నుండే పోయాలి. ఆ తరువాత తొట్టి ఖాళీ అయినా వెంటనే నింపక, ఒకటి రెండు రోజులు ఆగితే వేళ్లకు ఊపిరి ఆడుతుంది. రోహిణి కార్తెలో తొట్టి త్వరగా ఖాళీ అవుతుంది, కార్తీకపు ముసురులో అసలు తరగదు. అందుకే వారానికింత అని లెక్క పెట్టుకోక, నీటి మట్టం చూపే తేలుడు పుల్ల ఉన్న కుండీనే ఎంచుకో. గాజులా పారదర్శకంగా ఉండేవి చూడ్డానికి బాగున్నా లోపల పాచి పడుతుంది.

దోమల సంగతి మరువకు. డెంగీ దోమ గుడ్డు నుండి రెక్కలు వచ్చేదాకా వారం పది రోజులే పడుతుంది కనుక, నీరు పోసే రంధ్రానికి మూత, పొంగు నీరు పోయే రంధ్రానికి సన్నటి జాలీ ఉండి తీరాలి.

స్నేక్ ప్లాంటు, కలబంద వంటివి తామే నీరు దాచుకుంటాయి, వాటికి ఈ కుండీ దండగ ఖర్చు. సింగోనియం, మనీప్లాంటు చక్కగా వస్తాయి. మొదట ఒక్క కుండీయే కొను. ఈసారి వచ్చినప్పుడు మన వరండాలోని మనీప్లాంటు తీగ నుండి కణుపులున్న ముక్కలు కత్తిరించి ఇస్తాను.

ఆశీస్సులతో,
మేనత్త