మేళం విప్పించే ముందు

చి. అమ్మాయికి ఆశీస్సులు.

వీణ శ్రుతి నిలవడం లేదని మేళం (మైనంలో కూర్చిన మెట్ల వరస) మొత్తం తిరగకట్టిస్తానన్నావు. తొందరపడకు. 24 మెట్ల మైనం కరిగించి మళ్లీ కూర్చడం చిన్న పని కాదు. తప్పు మెట్లదేనా అన్నది ముందు తేల్చుకో.

సారణిని, అంటే షడ్జం పలికే మొదటి తీగను, ట్యూనర్‌లో (శ్రుతి కొలిచే పరికరం) సరిగ్గా సున్నా దగ్గర నిలిపి, ఒక్కో మెట్టు మీద మూడేసిసార్లు ఒకే బలంతో మీటు. మీటిన క్షణాన స్వరం కాస్త హెచ్చుగా చూపిస్తుంది, నిలబడ్డాక రాసుకో. ఆ మూడు అంకెలూ ఒకదానితో ఒకటి కలవకపోతే లోపం చేతిది. మిగతా మూడు తీగలకూ ఇదే పని.

ప్రతి మెట్టూ సున్నా చూపాలని పట్టుబట్టకు. ట్యూనర్‌ది మెట్టుకు 100 సెంట్ల (స్వరాల మధ్య దూరాన్ని కొలిచే ప్రమాణం) చొప్పున సమంగా పంచిన లెక్క. తంబురాతో కలిసే అంతర గాంధారం దానికన్నా 14 సెంట్లు తక్కువ, కాకలి నిషాదం 12 తక్కువ, పంచమం 2 ఎక్కువ.

ఇప్పుడు తప్పులకు ఒక వరస ఉందా చూడు. ఒకే మెట్టు నాలుగు తీగల మీదా తప్పితే అది మైనంలో జరిగింది, దాన్నొక్కదాన్నే సరిచేయించు. ఒకే తీగ చాలా మెట్ల మీద తప్పితే తీగ మార్చు, తుప్పో మందంలో తేడానో ఉంటుంది. పై మెట్లకు పోయేకొద్దీ అన్ని తీగలూ హెచ్చుతుంటే గుర్రాన్ని (తీగలను మోసే దిమ్మె) అనుమానించు: అది జరిగైనా ఉండాలి, లేదా తీగ ఎత్తు ఎక్కువై నొక్కినప్పుడు సాగి బిగుస్తూ ఉండాలి. తీగ సరిగ్గా నడుమ వేలు ఊరికే ఆనించి మీటితే వచ్చే తారషడ్జంతో (పై స్థాయి స) 12వ మెట్టు తారషడ్జాన్ని పోల్చు, గుట్టు బయటపడుతుంది. ఈ మూడింటికీ మేళం విప్పనక్కర్లేదు. ఒకటి హెచ్చు, పక్కది తగ్గు, ఆ పైది సరి, ఇలా ఏ వరసా లేకపోతేనే విప్పించు. మైనం పెళుసెక్కినా, ఎండకు మెత్తబడినా ఇలాగే అవుతుంది.

కట్టేవారి పక్కన కూర్చో, ముఖ్యంగా రెండో మెట్టు దగ్గర. సారణి మీద అది చతుశ్రుతి రిషభం, పంచమం తీగ మీద చతుశ్రుతి ధైవతం. రిషభాన్ని షడ్జానికి 9/8 నిష్పత్తిలో పెడితే ధైవతం 5/3 నిష్పత్తి కన్నా 22 సెంట్లు హెచ్చుతుంది. రెండూ ఒకే మెట్టులో కుదరవు. సందేహం వచ్చిన చోట వెంట్రుకవాసి తగ్గించి పెట్టమను. తగ్గినదాన్ని తీగ లాగి అందుకోవచ్చు, హెచ్చినదాన్ని ఏ గమకమూ (స్వరాన్ని ఊపి పలికించడం) దించలేదు.

కొత్త తీగలు వేస్తే అవి సాగడం ఆగాకే కొలువు.