బీచ్ ఇసుకలో పాకే ఐస్ ప్లాంట్ కాయలు తినొచ్చా?

కాలిఫోర్నియా బీచ్‌లో చూసిన ఐస్ ప్లాంట్ అక్కడి మొక్కేనా, కాయ తినొచ్చా, కొమ్మ తెచ్చి పెరట్లో నాటొచ్చా అని అడిగారు. కాయ తినొచ్చు. మొక్క మాత్రం అక్కడిది కాదు. దయచేసి నాటకండి.

దీని పేరు కార్పోబ్రోటస్ ఎడ్యులిస్, సొంత ఊరు దక్షిణాఫ్రికాలోని కేప్ తీరం. ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్లు కేప్ టౌన్‌లో ఉన్నాను. అక్కడ దీన్ని సోర్ ఫిగ్ అంటారు. ఆకు వేలంత పొడవుంటుంది, అడ్డంగా విరిస్తే మూడు పలకలు కనిపిస్తాయి. బయటి అంచు మీద వేలు రాస్తే సన్నటి రంపపు పళ్లు తగులుతాయి. పువ్వు పసుపుగా విచ్చుకుని వాడేటప్పుడు గులాబీ రంగుకు తిరుగుతుంది కాబట్టి ఒకే తీగ మీద రెండు రంగులూ కనిపించొచ్చు.

కాయ పచ్చిగా ఉంటే వగరు. పండి, ముడతలు పడి, గోధుమరంగుకు వచ్చాక రుచి. కింది కొస కొరికేసి లోపలి జిగురు గుజ్జును పీల్చుకోవాలి. పులుపు, తీపి, కాస్త ఉప్పదనం, పళ్ల కింద కరకరలాడే చిన్న గింజలు... నాకైతే పాత చింతపండు చప్పరించినట్టే ఉంటుంది. అక్కడి మార్కెట్లలో ఎండుకాయలు అమ్ముతారు, నానబెట్టి పంచదార పాకంలో జామ్ కూడా చేస్తారు.

కేప్‌లో చలికాలం వాన, వేసవి ఎండ, ఏడాదంతా ఉప్పుగాలి. ఆ ఇసుక దిబ్బల మీద ఆకుల్లో నీళ్లు దాచుకుని బతుకుతుంది. కాయల్ని బబూన్లు, ముళ్లపందులు, తాబేళ్లు తింటాయి. కాయల కోసం ఎలుకలు వస్తాయి, వాటి కోసం పఫ్ ఆడర్ పాములు గుబుర్లలో మాటు వేస్తాయి. అందుకే అక్కడ కోసేవాళ్లు ముందు కర్రతో కదిపి చూస్తారు. అక్కడ అది చుట్టూ ఉన్న జీవాలతో కలిసి పెరిగిన మొక్క.

కాలిఫోర్నియాకు దీన్ని 1900ల మొదట్లో రైలు పట్టాల పక్క మట్టి కొట్టుకుపోకుండా తెచ్చారు, తర్వాత హైవేల పక్కనా వేశారు. ఒక్కో తీగ ఏడాదిలో మీటరు పైనే పాకుతుంది, ప్రతి కణుపు దగ్గరా వేరు దిగుతుంది. దిబ్బల మీద దట్టంగా చాపలా పరుచుకుని స్థానిక మొక్కలకు చోటు లేకుండా చేస్తుంది. కాలిఫోర్నియా తీరంలోని పాయింట్ రేయస్ అనే రక్షిత ప్రాంతంలో దీన్ని పీకించి దిబ్బల్ని బాగుచేస్తున్నారు. విరిగిన ముక్క పడినా మళ్లీ మొలుస్తుంది కాబట్టి కొమ్మ ఇంటికి తేవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇంకో సంగతి. కొన్నిచోట్ల దీన్ని చంపడానికి కలుపు మందు కొడతారు. రోడ్డు పక్కవి, మందు కొట్టారేమో తెలియనివి తినకండి. పార్కుల్లో అయితే కోయడానికి అనుమతి ఉందో లేదో అడగండి. రుచి చూడాలని మరీ ఉంటే, కేప్ టౌన్ నుంచి వచ్చే స్నేహితుల్ని సీల్ వేసిన జామ్ సీసా తెమ్మనండి. ఎండుకాయలు వద్దు, వాటిలో గింజలుంటాయి.