పెళ్లి కాలేదు, వయసు 36... అండాలు దాచుకోవచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. సింగపూర్‌లో ఐటీ ఉద్యోగం. పెళ్లి కాలేదు. జననాలు పడిపోయాయని, బయటివాళ్లను రానిచ్చి జనాభాను నిలబెడుతున్నారని ఇక్కడ ఎప్పుడూ చర్చే. ఫోన్ చేస్తే అమ్మ, 'ఆంధ్రలోనూ ఎక్కువమందిని కనమంటున్నారు, నువ్వేమో ఇంకా ఒక్కదానివే' అని బాధపడుతుంది. అండాల నిల్వ చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్షలో 1.4 వచ్చింది. నాకిక పిల్లలు పుట్టరా? ఎగ్ ఫ్రీజింగ్ చేయించుకోవచ్చా?

సలహా: ముందు ఆ 1.4 సంగతి. మీ వయసుకు అది భయపడాల్సిన అంకె కాదు. అండాశయాల్లో అండాల నిల్వ సుమారుగా ఎంత ఉందో ఏఎంహెచ్ చెబుతుంది. సహజంగా గర్భం వస్తుందా రాదా అన్నది దీన్ని బట్టి చెప్పలేం. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఇది కాస్త తగ్గి కనిపిస్తుంది కూడా. అండాల నాణ్యత మాత్రం ప్రధానంగా వయసును బట్టే ఉంటుంది, 37 దాటాక త్వరత్వరగా తగ్గుతుంది.

కాబట్టి ఎగ్ ఫ్రీజింగ్ ఆలోచన ఉంటే ఇప్పుడే తేల్చుకోండి. సింగపూర్‌లో 2023 జులై నుంచి 21-37 ఏళ్ల స్త్రీలు పెళ్లి కాకపోయినా అండాలు దాచుకోవచ్చు. అయితే ఒక మెలిక ఉంది. అక్కడ వాటిని వాడుకోవాలంటే చట్టప్రకారం పెళ్లయి ఉండాలి. మన దేశంలో సంతాన చికిత్సలపై వచ్చిన 2021 చట్టం ప్రకారం పెళ్లికాని స్త్రీ కూడా 50 ఏళ్లలోపు ఐవీఎఫ్ (అండాన్ని ల్యాబులో ఫలదీకరించి గర్భంలో పెట్టడం) చేయించుకోవచ్చు. ఒక దేశంలో దాచి మరో దేశానికి తెచ్చుకోవాలంటే అనుమతులు కావాలి, డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోండి.

దాదాపు 10-12 రోజులు ఇంజెక్షన్లు, మధ్యలో స్కాన్లు, చివర మత్తిచ్చి సూదితో అండాలు తీస్తారు. కడుపు కాస్త ఉబ్బరించడం మామూలే. ఊపిరి ఆడకపోయినా, మూత్రం తగ్గినా, ఒక్కసారిగా బరువు పెరిగినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. దాచిన అండాల్లో కొన్ని కరిగించేటప్పుడే పోతాయి, కొన్ని ఫలదీకరణ చెందవు. బిడ్డ పుట్టడం గ్యారంటీ అని ఎవరు చెప్పినా నమ్మకండి.

రిపోర్టు కంటే జనాభా గురించి వింటున్న ఆ మాటలే మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నాయని మీ ఉత్తరం చదివితే అనిపించింది. సింగపూర్ 1970ల్లో ఇద్దరితో ఆపమంది. 1987లో స్తోమత ఉంటే ముగ్గురినీ, అంతకన్నా ఎక్కువమందినీ కనమంది. అయినా 2023లో అక్కడ సంతాన రేటు, అంటే ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, 0.97. 2024లో దాదాపు 60 లక్షల జనంలో పౌరులు 36 లక్షలే. మీలాంటి వాళ్లు వెళ్లబట్టే ఆ దేశం నడుస్తోంది, మీరు అక్కడ ఎవరికీ బాకీ లేరు. ఆంధ్రలోనూ ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో తీసేశారు. ఇలా మారిపోయే లెక్కల కోసం ఏ ఆడపిల్లా తల్లి కానక్కర్లేదు. మీకు బిడ్డ కావాలని ఉందా లేదా, అదొక్కటే చూసుకోండి. వద్దనుకున్నా అందులో తప్పేమీ లేదు.

అమ్మకు రిపోర్టు సంగతి చెప్పండి. ఆమె దిగులు జనాభా గురించి కాకపోవచ్చు, మీరు ఒంటరిగా ఉన్నారనే కావచ్చు. ఈ నెలలోనే గైనకాలజిస్టును కలిసి స్కాన్‌లో ఫాలికిల్స్ (అండాలు పెరిగే చిన్న సంచులు) లెక్క చూపించుకోండి, థైరాయిడ్ టెస్టు కూడా చేయించుకోండి.