ఆర్డర్లు నిండుగా ఉన్నా డబ్బు ఎందుకు మిగలడం లేదు?

ప్రశ్న: మా అమ్మాయి టెక్స్‌టైల్ డిజైన్‌లో డిప్లొమా చేసింది. రెండేళ్లుగా ఇంట్లోనే ఆర్డర్ల మీద క్విల్ట్‌లు (ముక్కలు అతికిన పై పొర, మధ్యలో మెత్తటి పొర, అడుగున గుడ్డ కలిపి కుట్టే దుప్పట్లు) కుడుతోంది. చేతినిండా పని ఉంది, రాత్రి పొద్దుపోయేదాకా మిషన్ ముందే ఉంటుంది. కానీ గుడ్డలు, దారాల ఖర్చు పోగా నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు. ధర అడిగితే మొహమాటపడి తక్కువ చెప్పేస్తుంది. పని మధ్యలో కస్టమర్లు మార్పులు చెబితే కాదనలేదు. దీన్ని మానేసి ఉద్యోగం వెతుక్కోమని చెప్పాలా, ఇంకొంత కాలం చూడాలా? – ఒక తల్లి

జవాబు: ఉద్యోగం సంగతి చివర్లో మాట్లాడుకుందాం. రెండేళ్లుగా ఆర్డర్లు ఆగకుండా వస్తున్నాయంటే మీ అమ్మాయి పనితనం మీద జనానికి నమ్మకం కుదిరినట్టే. ఇంటి నుంచి వ్యాపారం మొదలుపెట్టే చాలామందికి దొరకనిది అదే. ఆమెకు కొరవడింది కుట్టు మొదలయ్యే ముందు జరగాల్సిన సంభాషణ. కస్టమర్‌తో కూర్చుని వివరాలు రాబట్టడం, వాటిని బట్టి ధర కట్టడం కూడా ఈ వృత్తిలో భాగమే. కోత, కుట్టు నేర్చుకున్నట్టే దాన్నీ నేర్చుకోవచ్చు.

డబ్బు జారిపోతోంది మొదటి ఫోన్‌కాల్‌లోనే. "క్విల్ట్‌కి ఎంత తీసుకుంటారు?" అనగానే ఆమె ఒక అంకె చెప్పేస్తోందని మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది. సోఫాలో కప్పుకునే 50 x 65 అంగుళాల క్విల్ట్ 3,250 చదరపు అంగుళాలు. మంచానికి సరిపోయే 90 x 100 అంగుళాలదైతే 9,000. అవతలి వాళ్ల మనసులో ఏది ఉందో తెలియకుండా చెప్పిన ధర ఇద్దరిలో ఒకరికి నష్టమే, మొహమాటస్తుల విషయంలో ఆ నష్టం ఎప్పుడూ తమ వైపే పడుతుంది. సైజు ఒకటే అయినా పని ఒకటే అనుకోవడానికి లేదు. 12 అంగుళాల బ్లాక్‌ను, అంటే డిజైన్‌లో ఒక చదరాన్ని, నాలుగు ముక్కలతో కుట్టవచ్చు, నలభై ముక్కలతోనూ కుట్టవచ్చు. ప్రతి అతుకుకూ రెండు వైపులా పావు అంగుళం గుడ్డ కుట్టులోకి పోతుంది. ప్రతి అతుకునూ ఇస్త్రీ చేయాలి, మూలలు కలిశాయో లేదో చూసుకోవాలి. ముక్కలు పెరిగేకొద్దీ గుడ్డా పెరుగుతుంది, గంటలూ పెరుగుతాయి.

అందుకే ఫోన్‌లో ఆమె చెప్పాల్సింది ఇంతే: "తప్పకుండా చేస్తానండి. కొలతలు, వాడకం, డిజైన్ తెలుసుకున్నాక ధర రాసి పంపిస్తాను." ఉజ్జాయింపుగానైనా చెప్పమని పట్టుబడితే, తాను చేసే చిన్న సైజు, తేలిక డిజైన్ ధర చెప్పి "అక్కడి నుంచి మొదలవుతుంది" అనాలి. ఈ రెండు వాక్యాలూ ఆమె నోటికి అలవాటయ్యేదాకా మీరే కస్టమర్‌లా అడుగుతూ ప్రాక్టీస్ చేయించండి. నవ్వులాటగా ఉంటుంది కానీ మొహమాటం పోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

ఇక ఎదురుగా కూర్చున్నప్పుడు మొదట అడగాల్సింది ఆ క్విల్ట్ ఎవరికి, ఎలా వాడతారు అని. పసిబిడ్డకైతే తరచూ ఉతుకుతారు, కాబట్టి కుట్లు దగ్గరగా, గట్టిగా ఉండాలి. గోడకు వేలాడదీసేదైతే ఉతుకు బెంగ లేదు, వెనక వేలాడదీయడానికి గొట్టంలా ఒక పట్టీ కావాలి. మంచం మీదికైతే కొలత దగ్గర జాగ్రత్త. చాలామంది పరుపు కొలత చెప్పి ఊరుకుంటారు. పరుపు 60 x 80 అంగుళాలు ఉండి, రెండు పక్కలా, కాళ్ల వైపూ 12 అంగుళాలు కిందికి వేలాడాలంటే క్విల్ట్ 84 x 92 ఉండాలి. దిండ్ల మీదుగా కప్పాలంటే ఇంకా పొడవు కావాలి. పైగా మధ్యలో పరిచే మెత్తటి పొర (బ్యాటింగ్) కాటన్‌దైతే మొదటి ఉతుకులో సాధారణంగా 3 నుంచి 5 శాతం దాకా కుంచించుకుపోతుంది. 92 అంగుళాల్లో 5 శాతమంటే నాలుగు అంగుళాలకు పైనే. "మేం చెప్పిన కొలత లేదు" అనే గొడవ ఇక్కడే పుడుతుంది. ఉతికాక రావాల్సిన కొలత ఎంతో ముందే మాట్లాడుకుని కాగితం మీద రాసుకుంటే ఆ గొడవే ఉండదు. ముదురు ఎరుపు, ముదురు నీలం గుడ్డలు రంగు దిగే అవకాశం ఉందని కూడా అప్పుడే చెప్పాలి.

బడ్జెట్ ఎంతని అడగడానికి మన పిల్లలు సిగ్గుపడతారు. అడగాలి. "మీరు ఎంత వరకు అనుకుంటున్నారో చెబితే దానికి తగ్గ డిజైన్ చూపిస్తాను" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. వాళ్లు చెప్పింది చాలకపోతే సైజు తగ్గించవచ్చు, పెద్ద ముక్కల డిజైన్‌కు మారవచ్చు, చేత్తో కుట్టే అంచు బదులు మిషన్ అంచు వేయవచ్చు. ఏది తగ్గించినా ఆమె గంటకు కట్టుకున్న రేటు మాత్రం తగ్గకూడదు. ఈ ఒక్క నియమం మీద గట్టిగా నిలబడమని చెప్పండి.

పాత బట్టలతో చేసే జ్ఞాపకాల క్విల్ట్‌ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇలాంటి ఆర్డర్లు ఈ వృత్తిలో అందరికీ వస్తాయి, నష్టం ఎక్కువ వచ్చేదీ వీటిలోనే. చనిపోయిన తండ్రి చొక్కాలు ఒక సంచిలో పట్టుకుని ఒకావిడ వచ్చిందనుకోండి. ఆ రోజు కత్తెర బయటికి తీయకూడదు. చొక్కాలు ఒక్కొక్కటీ బల్ల మీద పరిచి, లెక్కపెట్టి, ఫొటో తీసి, దేని గురించి ఏం చెప్పిందో రాసుకోవాలి. ఈ జేబు అలాగే ఉండాలి, ఆ గుండీల పట్టీ కనిపించాలి, ఈ కాలరు మీది మరక తీసేయకూడదు... ఇలాంటివి ఆవిడకు మాట్లాడుతుంటేనే గుర్తొస్తాయి. ఉతికి తెచ్చారో లేదో అడగాలి. కొందరికి ఆ వాసన పోతుందని ఉతకడానికి మనసొప్పదు. అలాంటప్పుడు ఒక చొక్కాను కోయకుండా ఇంట్లో దాచుకోమని చెప్పవచ్చు. ఎన్నింటిని కోయడానికి ఒప్పుకున్నారో రాసి సంతకం తీసుకోవాలి. కత్తెర పడ్డాక ఆ చొక్కా మళ్లీ రాదు, కొత్తది కొనిచ్చి సరిపెట్టడానికీ ఉండదు.

ఆవిడ మాట్లాడుతూ కన్నీళ్లు పెట్టుకోవచ్చు. తొందరపెట్టకుండా వినడం మర్యాద, పని బాగా రావడానికి అవసరం కూడా. కానీ అలా గడిచిన గంటన్నర కూడా పని సమయమేనని మీ అమ్మాయి గుర్తుపెట్టుకోవాలి. టీషర్టులైతే గుడ్డ సాగుతుంది కాబట్టి ప్రతిదాని వెనకా ఇస్త్రీతో అంటుకునే ఫ్యూజింగ్ వేయాలి. దానికి ఖర్చూ ఉంది, సమయమూ పడుతుంది. కొత్త గుడ్డతో చేసే క్విల్ట్ ధరే వీటికీ చెబితే నష్టం తప్పదు. "గుడ్డ మేమే ఇస్తున్నాం కదా, తగ్గించండి" అన్న మాట తరచూ వస్తుంది. ఇచ్చిన బట్టలు విప్పి, కోసి, గట్టిపరచడం కొత్త గుడ్డ కోయడం కంటే ఎక్కువ పని అని నెమ్మదిగా వివరిస్తే చాలామంది అర్థం చేసుకుంటారు.

ధర లెక్కకు వద్దాం. ఒక క్విల్ట్‌కు ఆమె 22 గంటలు మిషన్ మీద కూర్చుందనుకుందాం. కస్టమర్‌తో మాటలకు 2 గంటలు, గుడ్డలు కొని తేవడానికి 3, ఉతికి ఇస్త్రీ చేయడానికి 2, కోతకు 5, మూడు పొరలూ పరిచి పిన్నులు పెట్టడానికి 2, అంచు పట్టీ చేత్తో కుట్టడానికి 5, దారాలు కత్తిరించి ఫొటోలు తీసి ప్యాక్ చేయడానికి 2. మొత్తం 43 గంటలు. ఆమె 22 గంటలకే కట్టుకుంటే మిగతా 21 గంటలు ఉచితంగా చేసినట్టే. మీ ఇంట్లో జరుగుతున్నది బహుశా ఇదే. వచ్చే మూడు ఆర్డర్లకు దశల వారీగా గంటలు నోట్‌బుక్‌లో రాయమనండి. అదే ఆమె అసలు రేట్ల పట్టిక అవుతుంది.

గంట రేటు కనీసం ఆమె చదువుకు, అనుభవానికి బయట ఉద్యోగంలో దొరికేంత ఉండాలి. నిజానికి అంతకంటే కొంచెం ఎక్కువే ఉండాలి, ఎందుకంటే ఉద్యోగికి సెలవు రోజున జీతం ఆగదు, మిషన్ రిపేరు సొంత డబ్బుతో చేయించుకోనక్కర్లేదు. దీనికి సామగ్రి ఖర్చు కలపాలి. ఇంట్లో మిగిలిన గుడ్డ వాడినా, ఇవాళ మళ్లీ కొనాలంటే ఎంతవుతుందో ఆ ధరే వేసుకోవాలి. సూదులు, బ్లేడ్లు, కరెంటు, సర్వీసింగ్‌కు కొంత, ఆపైన వ్యాపారానికి లాభంగా కొంత. లాభం, కూలి వేరువేరు అని ఆమెకు స్పష్టంగా తెలియాలి.

ఎవరో పై పొర కుట్టుకుని తెచ్చి, మూడు పొరలూ కలిపి కుట్టివ్వమంటే మాత్రం విస్తీర్ణం లెక్క సులువు. 60 x 80 అంటే 4,800 చదరపు అంగుళాలు, దాన్ని చదరపు అంగుళం రేటుతో గుణించడమే. అంచు పట్టీకి చుట్టుకొలత 280 అంగుళాలు, దానికి వేరే రేటు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే నమూనాకు ఒక రేటు, ఒక్కో బ్లాక్‌కు ఒక్కో నమూనా అయితే అంతకంటే ఎక్కువ.

మాట్లాడుకున్నదంతా ఒక పేజీ కొటేషన్‌గా పంపాలి: కొలత, గుడ్డ, బ్యాటింగ్ రకం, డిజైన్, తేదీ, ధర, ఆ ధర ఎన్ని రోజులు చెల్లుతుందో. సగం అడ్వాన్స్ అందాకే గుడ్డ కొనాలి. ముక్కలు కోసేముందు డిజైన్ ఫొటో పంపి "సరే" అని రాతలో తీసుకోవాలి. ఆ తర్వాత చెప్పే ప్రతి మార్పుకూ అదనపు ఛార్జి ఉంటుందని కొటేషన్‌లోనే ఉంటే మధ్యలో అడిగినప్పుడు ఆమె కొత్తగా కాదనాల్సిన అవసరం రాదు. చేతిలో ఉన్న పాత ఆర్డర్లు పాత ధరకే పూర్తిచేయాలి, కొత్త ధర కొత్తవాళ్లకే.

మీతో కూడా ఒక మాట. కస్టమర్ ఇంటికొచ్చి బేరమాడుతున్నప్పుడు పక్క నుంచి "పోనీలే, తగ్గించు" అనకండి. మీరు మంచితనంతోనే అంటారు, కానీ ఆ ఒక్క మాటతో ఆమె రెండు రోజుల శ్రమ పోతుంది. బంధువులకు చేసేటప్పుడు బహుమతిగానైనా ఇవ్వాలి, పూర్తి ధరైనా తీసుకోవాలి. సగం ధరకు చేసిన పని దగ్గర ఇచ్చినవాళ్లకూ తీసుకున్నవాళ్లకూ అసంతృప్తే మిగులుతుంది. ఏడాదికి ఎన్ని బహుమతులు ఇవ్వగలదో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఇలా ఆరు నెలలు చేయనివ్వండి. ధర పెంచితే కొందరు వెళ్లిపోతారు, టెన్షన్ పడకండి. అడిగిన ప్రతి ఒక్కరూ మారు మాట్లాడకుండా ఒప్పుకుంటుంటే ధర ఇంకా తక్కువగానే ఉందేమో చూసుకోవాలి. ఆరు నెలల తర్వాత నోట్‌బుక్ తీసి, చేతికి మిగిలిన డబ్బును మొత్తం గంటలతో భాగించండి. అది ఉద్యోగంలో వచ్చే గంట జీతానికి దగ్గరగా ఉంటే కొనసాగించనివ్వండి. చాలా తక్కువగా ఉంటే ఉద్యోగం చూసుకుని, నెలకు ఒకటో రెండో ఆర్డర్లు మాత్రం ఉంచుకోమనండి. అప్పుడు కూడా ఈ రెండేళ్లు వృథా పోవు. గార్మెంట్ కంపెనీల్లో శాంప్లింగ్ (నమూనాలు కుట్టడం), కాస్టింగ్ (ఖర్చు లెక్కకట్టడం), మర్చండైజింగ్ (కస్టమర్ ఆర్డర్లు చూసుకోవడం) విభాగాల్లో కావాల్సింది గుడ్డ ఎంత పడుతుంది, ఏ పనికి ఎంత సమయం పడుతుంది, కస్టమర్ అడిగినదాన్ని కాగితం మీద ఎలా పెట్టాలి అన్న అవగాహనే. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు క్విల్ట్ ఫొటోలతో పాటు ఆ నోట్‌బుక్ కూడా తీసుకెళ్లమనండి.